ముప్ఫై ఏళ్ల మారుతి ఎస్టీమ్: ఇంకా నడుపుతున్నవారి చర్చ

నల్లమల దారి, కర్నూలు

మారుతి ఎస్టీమ్ మీద విడిగా ఒక చర్చ ఉండాలని ఈ వేదికలో చాలామంది అడుగుతున్నారు కాబట్టి నేను మొదలుపెడుతున్నాను. అంబాసిడర్, పద్మిని, కాంటెసా కార్లను కాపాడుకోవడానికి నగరాల్లో క్లబ్బులున్నాయి, ప్రదర్శనలు జరుగుతున్నాయి. 1994లో మార్కెట్లోకి వచ్చి 2007 చివరి దాకా గుర్గావ్‌లో తయారైన ఎస్టీమ్‌ను మాత్రం వయసైపోయిన కారుగా చూస్తున్నారే తప్ప పదిలపరచుకోదగిన కారుగా చూడటం లేదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు నిండిన కారుకే వింటేజ్ గుర్తింపు దక్కుతుంది కాబట్టి, ముప్ఫై ఏళ్ల ఎస్టీమ్‌కు అటు ఆ గౌరవమూ లేదు, ఇటు సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో ధరా లేదు. తూకానికి వెళ్లిపోతున్న బండ్లను చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. తొంభైలలో మన జిల్లా కేంద్రాల్లోని డాక్టర్లు, లెక్చరర్లు, పత్తి, పొగాకు వ్యాపారులు మారుతి 800 అమ్మి డిక్కీ ఉన్న కారు కొనుక్కోవాలనుకున్నప్పుడు, ఎన్నో ఇళ్ల ముందుకు వచ్చి నిలబడింది ఈ కారే.

నా దృష్టిలో ఎస్టీమ్ గొప్పదనమంతా దాని తేలికదనంలో ఉంది. దీనికి మూలం సుజుకి కల్టస్ రెండో తరం సెడాన్. పాకిస్తాన్‌లో ఇదే శరీరంతో వచ్చిన కారును మార్గల్లా పేరుతో అమ్మారు. పొడవు నాలుగు మీటర్లకు కొద్దిగా పైన, బరువు తొమ్మిది వందల కిలోలకు లోపు. 1298 సీసీ ఇంజన్ మొదట్లో కార్బ్యురేటర్‌తో 65 హార్స్‌పవర్ ఇచ్చేది. 1999లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ఢిల్లీ ప్రాంతంలో కొత్త కార్లకు యూరో ప్రమాణాలు తప్పనిసరి అయిన సమయంలోనే ఎంపీఎఫ్ఐ, అంటే కార్బ్యురేటర్‌కు బదులు ప్రతి సిలిండరుకూ విడిగా ఇంజెక్టరుతో పెట్రోలు చిమ్మే ఏర్పాటు, వచ్చింది. సిలిండరుకు నాలుగు వాల్వులతో అదే 1298 సీసీ ఇంజన్ 85 హార్స్‌పవర్‌కు చేరింది. ఇంత తక్కువ బరువున్న కారుకు ఆ బలం ఎంత ఎక్కువో నడిపినవారికే తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ కారుకు వెనుక చక్రాలకు కూడా విడివిడిగా సస్పెన్షన్ ఉంది. ఈ రోజు దీనికి మూడు నాలుగింతల ధర పెట్టి కొనే అనేక సెడాన్లలో వెనుక రెండు చక్రాలనూ కలిపే బీమే ఉంటుంది.

మన్ననూరు దాటి శ్రీశైలం వైపు దిగే ఘాట్‌లో ఎస్టీమ్ నడిపితే నేను చెప్పేది అర్థమవుతుంది. మలుపుకు ముందు రెండో గేరులోకి దించి స్టీరింగు తిప్పితే బండి ముక్కు వెంటనే తిరుగుతుంది, వెనుక భాగం దాని వెంటే వస్తుంది. ఒక చక్రం రోడ్డు మీది గతుకులో పడితే ఆ కుదుపు ఆ మూలకే పరిమితమవుతుంది. బలం కోసం ఇంజన్ను గట్టిగా తిప్పవలసి వస్తుంది, దానికి ఆ ఇంజన్ ఎప్పుడూ విసుక్కోదు. మీ బండ్ల వివరాలు, వాటిని ఎలా నిలబెట్టుకుంటున్నారో, ఏ భాగాలు దొరుకుతున్నాయో, ఏవి దొరకడం లేదో ఇక్కడ రాయండి.

వెయ్యి సీసీ, రాజమహేంద్రవరం

చర్చ మొదలుపెట్టినందుకు ధన్యవాదాలు. ఎస్టీమ్‌ను మెచ్చుకునేటప్పుడు దానికి ముందు వచ్చిన మారుతి 1000ను మరచిపోకూడదని నా మనవి. ఈ శరీరం మన దేశంలో రోడ్డెక్కింది 1994లో కాదు, 1990లో. 970 సీసీ ఇంజన్, 46 హార్స్‌పవర్. ఏసీ వేసి నలుగురు కూర్చుంటే గోదావరి వంతెన ఎక్కేటప్పుడు కూడా మూడో గేరు వెతుక్కోవలసి వచ్చేదన్న మాట నిజమే. అయినా, అంబాసిడర్, పద్మిని తప్ప మరో సెడాన్ పెద్దగా ఎరుగని ఊళ్లలోకి ఆ కారు వచ్చినప్పుడు జనం ఆగి చూసేవారు.

నాకు అన్నిటికంటే నచ్చేది ఆ కారు అద్దాలు. అద్దాల మధ్య పైకప్పును మోసే స్తంభాలు సన్నగా, డాష్‌బోర్డు పల్చగా కిందికి, కిటికీ అంచు మోచేయి ఆనేంత తక్కువ ఎత్తులో ఉంటాయి. డ్రైవరు సీట్లో కూర్చుంటే బానెట్ రెండు మూలలూ కనిపిస్తాయి, వెనక్కి తిరిగితే డిక్కీ అంచు కనిపిస్తుంది. పార్కింగు సెన్సర్లు, కెమెరాలు లేకుండానే కోటగుమ్మం సందుల్లో ఈ కారును రివర్సు తీయగలుగుతున్నానంటే నా నేర్పు కంటే ఆ అద్దాల గొప్పతనమే ఎక్కువ. ప్రమాదంలో పైకప్పు నలగకుండా ఉండాలని ఇప్పటి కార్లకు స్తంభాలు లావు చేశారు, అది అవసరమే. కానీ చుట్టూ ఉన్న ఊరిని ఇంత పూర్తిగా చూపించే కారు మళ్లీ వస్తుందని నేను అనుకోవడం లేదు.

సిటీ వీటెక్, హైదరాబాద్

నల్లమల దారి గారి మాటలు శ్రద్ధగా చదివాను. అయితే తొంభైల కుటుంబ సెడాన్లలో దేనిని మెచ్చుకోవాలన్న ప్రశ్న వస్తే నా సమాధానం వేరు. 1998 జనవరిలో వచ్చిన హోండా సిటీ 1.3 లీటర్ల ఇంజనుతోనే 90 హార్స్‌పవర్ ఇచ్చింది, 2000లో వచ్చిన 1.5 వీటెక్ 106 ఇచ్చింది. ఆ కారు ఇప్పటికీ నా దగ్గర ఉంది. విజయవాడ హైవే మీద నిలకడగా వెళ్లడంలోగానీ, ఇంజన్ నునుపులోగానీ, లోపలి ప్లాస్టిక్కు ఇన్నేళ్లు చెక్కుచెదరకుండా నిలవడంలోగానీ ఎస్టీమ్ దానికి సాటి రాదని రెండూ నడిపినవాడిగా చెప్పగలను.

ఇంకొక ముఖ్యమైన విషయం కూడా చెప్పాలి. మీరు మెచ్చుకుంటున్న తేలికదనానికి ఒక వెల ఉంది. రేకు పల్చన, తలుపుల్లో అదనపు బలం తక్కువ, తొంభైల ఎస్టీమ్‌లో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. చక్రాల మధ్య దూరం 2365 మిల్లీమీటర్లే కావడంతో వెనుక సీట్లో కాస్త పొడగరి కూర్చుంటే మోకాళ్లు ముందు సీటుకు ఆనుకుంటాయి. కుటుంబం కోసం తయారైన కారును అంచనా వేసేటప్పుడు డ్రైవరు ఆనందాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోవడం సరికాదు.

నల్లమల దారి, కర్నూలు

మీ విమర్శ న్యాయమైనది. హోండా సిటీ ఇంజనీరింగు ఎస్టీమ్ కంటే ఒక మెట్టు పైన ఉందన్న మాటకు నాకు అభ్యంతరం లేదు. ప్రమాద రక్షణ విషయంలో ముప్ఫై ఏళ్ల ఏ కారూ ఇప్పటి కారుకు సమానం కాదు, మీ సిటీకి కూడా ఇదే వర్తిస్తుంది. అందుకే నేను హైవే మీద తొంభై దాటించను, రాత్రి ప్రయాణం పెట్టుకోను, వెనుక కూర్చునేవారికి కూడా బెల్టులు బిగించాను.

నేను చెప్పదలచుకున్నది వేరే కోణం నుంచి. 1995 నుంచి 1998 వరకు మన దేశంలోకి దేవూ సియెలో వచ్చింది, ఒపెల్ ఆస్ట్రా వచ్చింది, ఫోర్డ్ ఎస్కార్ట్ వచ్చింది. లోపల కూర్చుంటే అవన్నీ ఎస్టీమ్ కంటే విశాలమైనవి, బరువైనవి, దర్జా అయినవి. వాటిలో ఈ రోజు కర్నూలు, కడప, నంద్యాల రోడ్ల మీద ఎన్ని తిరుగుతున్నాయో గమనించండి. ఎస్టీమ్ మాత్రం ఇంకా కూరగాయల మార్కెట్టు ముందు ఆగి ఉంటుంది, పెళ్లికి బయలుదేరుతుంది, పొలం గట్టు దాకా వెళ్లి వస్తుంది. రోజూ వాడుకునే స్థితిలో ముప్ఫై ఏళ్లు నిలబడటం కూడా ఇంజనీరింగు గుణమేనని నా వాదన. అది ఎలా సాధ్యమైందో మన మేస్త్రి గారే వివరంగా చెప్పగలరు.

ఆటోనగర్ మేస్త్రి, విజయవాడ

అందరికీ నమస్కారం. నేను పని నేర్చుకున్నదే ఈ ఇంజన్ల మీద కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఎస్టీమ్ నిలబడటానికి మొదటి కారణం, దాని ఇంజన్ దానితో పాటు ఆగిపోకపోవడం. ఎంపీఎఫ్ఐ ఎస్టీమ్‌లో ఉన్న ఇంజన్ కుటుంబమే జిప్సీలో ఉంది, వెర్సాలో ఉంది, 2005లో వచ్చిన స్విఫ్ట్‌లో ఉంది, 2008లో ఎస్టీమ్ స్థానంలోకి వచ్చిన మొదటి డిజైర్ పెట్రోలులోనూ ఉంది. జిప్సీని మన సైన్యం వాడింది, అది 2019 దాకా తయారైంది. అందువల్ల పిస్టన్ రింగులు, బేరింగులు, హెడ్ గాస్కెట్, ఆయిల్ పంపు, వాటర్ పంపు, టైమింగ్ బెల్టు వంటివి ఇప్పటికీ మా ఆటోనగర్‌లోనూ, హైదరాబాద్ పుత్లీబౌలిలోనూ వెతికితే దొరుకుతాయి. కొనేటప్పుడు పాత భాగం చేతిలో పట్టుకుని వెళ్లి పక్కపక్కన పెట్టి చూసుకోవాలి, ఎందుకంటే ఒకే కుటుంబం ఇంజన్లే అయినా బిగించే చోట్లు, సెన్సర్లు, పైపుల వంపులు బండిని బట్టి మారాయి. ఎనిమిది వాల్వుల కార్బ్యురేటర్ ఇంజనుకు పదహారు వాల్వుల హెడ్ సామాను సరిపోదు.

రెండవది, ఈ ఇంజనుకు బ్లాకూ హెడ్డూ రెండూ అల్యూమినియమే. తేలికగా ఉండటానికి అది ఒక కారణం. కానీ ఒకసారి బాగా వేడెక్కితే హెడ్ వంగిపోతుంది. నా దగ్గరకు ఇంజన్ చెడిపోయి వచ్చే ఎస్టీమ్‌లలో అసలు జబ్బు ఇంజన్లో పుట్టింది కాదు. రేడియేటర్లో మామూలు బోరు నీళ్లు పోసి ఏళ్ల తరబడి నడపడం, అందులోని సున్నం సన్నని గొట్టాలకు పట్టి మూసుకుపోవడం, ఫ్యానును తిప్పే థర్మో స్విచ్ పాడైతే కొత్తది వేయకుండా తీగ కలిపేయడం, థర్మోస్టాట్‌ను పీకి పారేయడం వంటి వాటితో మొదలవుతుంది. కూలెంటు, మంచినీళ్లు కలిపి పోయండి, రెండేళ్లకొకసారి మార్చండి, థర్మోస్టాట్‌ను దాని చోట ఉండనివ్వండి. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం మీద లేకపోతే, మీటరు ఎంత చూపించినా సరే, కొన్న వారంలోనే బెల్టూ టెన్షనరూ రెండూ మార్పించండి.

మూడవది ఇప్పటి పెట్రోలు సమస్య. సీసం లేని పెట్రోలు గురించి భయపడనక్కర్లేదు. అల్యూమినియం హెడ్‌లో గట్టి ఉక్కు వాల్వు సీట్లు ఉంటాయి కాబట్టి 2000లో దేశమంతటా సీసం తీసేసినా వీటికి ఏమీ కాలేదు. ఇథనాల్ సంగతి మాత్రం వేరు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. కార్బ్యురేటర్ బండిని నెలల తరబడి కదపకుండా ఉంచితే ట్యాంకు అడుగున తుప్పు మొదలవుతుంది. పాత రబ్బరు ట్యూబును వేలితో నొక్కి చూస్తే మెత్తబడి జిగటగా ఉంటుంది, కొన్నిచోట్ల ఉబ్బి క్లిప్పు పక్కన పగులు కనిపిస్తుంది. అక్కడి నుంచి పెట్రోలు చెమట పట్టినట్టు కారి వేడి మ్యానిఫోల్డు మీద పడితే అగ్ని ప్రమాదమే. ట్యూబులన్నీ ఇథనాల్ తట్టుకునే రకంవి వేయించుకోండి, పెట్రోలు పంపు డయాఫ్రం, కార్బ్యురేటర్ గాస్కెట్లు మార్పించండి, బండిని వారానికి ఒక్కసారైనా రోడ్డు మీదికి తీయండి. ఆపి ఉంచే బండికంటే తిరిగే బండే ఎక్కువ కాలం ఉంటుంది, ఇది నేను నా షెడ్డులో చూసి చెబుతున్న మాట.

ఇక దొరకనివి ఏమిటంటే శరీరానికి సంబంధించినవి. ముందు వెనుక బంపర్లు, తలుపుల బీడింగులు, మొదటి రకం గ్రిల్లు, హెడ్‌లైట్ గాజులు, డాష్‌బోర్డు మూతలు, ఏసీ గాలి మళ్లించే మీటలు దొరకడం చాలా కష్టం. 2004లో ముఖం మార్చిన రకం సామాను కొంత నయం. తూకానికి వెళ్లే బండి కనిపిస్తే ఇంజన్ వైపు చూడకండి, ఈ చిన్న సామాను ముందు విప్పించుకుని భద్రపరచండి.

విశాఖ సాగరి, విశాఖపట్నం

మేస్త్రి గారూ, మీరు రాసింది అచ్చు వేయించి కారులో పెట్టుకున్నాను. మా నాన్నగారు కొన్న 1996 వీఎక్స్ రకం ఎస్టీమ్‌ను ఇప్పుడు నేను నడుపుతున్నాను. సముద్రం మీది గాలి తగిలే ఊరు కాబట్టి మాకు ఇంజన్ కంటే రేకుతోనే ఎక్కువ యుద్ధం. తెలిసినది చెబుతాను, కొత్తగా కొనేవారికి పనికొస్తుంది.

ఎస్టీమ్ తుప్పు బయటికి కనిపించేసరికి లోపల ముదిరిపోయి ఉంటుంది. తలుపు తెరిచి, కింద రన్నింగ్ బోర్డు మీదుగా వెళ్లే రబ్బరు బీడింగును చేతితో నెమ్మదిగా పైకి లాగి చూడాలి. దాని కింద రెండు రేకులు కలిసే అంచు గోధుమరంగు పొరలుగా విడిపోతూ ఉంటే ఆ బండి గురించి మరోసారి ఆలోచించాలి. తలుపు అడుగున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. మట్టితో అవి మూసుకుపోతే కిటికీ అద్దం పక్క నుంచి దిగిన వాననీరు తలుపులోనే నిలుస్తుంది, అగ్గిపుల్లతో వాటిని తెరిస్తే ఒక్కోసారి గ్లాసెడు నీళ్లు కారతాయి. రంగు మెరుస్తున్నా సరే ఒక చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి చక్రాల పైని వంపుల మీద జరపాలి, పట్టుకోకుండా జారిపోయిన చోట కింద రేకు లేదు, పుట్టీ ఉంది. డిక్కీలో చాప ఎత్తి, స్టెప్నీ తీసి, వెనుక షాక్ అబ్జార్బర్లు బిగించే చోటు కూడా టార్చి వేసి చూడాలి. అక్కడి రేకు బలహీనపడితే ఆ బండికి టింకరింగు ఖర్చు దాని ధరను మించిపోతుంది. మేము ప్రతి వానాకాలానికి ముందు రన్నింగ్ బోర్డు బోలు లోపలికి మైనం కలిసిన నూనె కొట్టిస్తాము, ఆ తర్వాత తుప్పు పాకడం బాగా తగ్గింది.

ఆర్.సి. గురించి కూడా కొంత చెప్పాలి. పదిహేనేళ్లు నిండాక ప్రతి ఐదేళ్లకూ ఫారం 25తో రెన్యువల్ చేయించాలి, బండిని తనిఖీకి తీసుకువెళ్లాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. ఒకప్పుడు 600 రూపాయలున్న రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 10,000 చేశారు. ఢిల్లీలో ఉన్నట్టు పదిహేనేళ్ల పెట్రోలు కార్ల మీద నిషేధం మన రాష్ట్రాల్లో లేదు, అంతవరకు నయం. పొల్యూషన్ పరీక్షకు వెళ్లేముందు మాత్రం కార్బ్యురేటర్ శుభ్రం చేయించుకోండి. ఈ పాత బండ్లకు కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 3 శాతం, ట్యూనింగు సరిగ్గా ఉన్న ఎస్టీమ్ అంతకంటే ఎంతో తక్కువలోనే ఉంటుంది.

ఇప్పుడు నా సందేహం. కార్బ్యురేటర్ తీసేసి ఎంపీఎఫ్ఐ ఇంజన్ ఎక్కించుకోమని ఇక్కడ ఇద్దరు ముగ్గురు మెకానిక్కులు సలహా ఇస్తున్నారు. ఘాట్ ఎక్కేటప్పుడు, ముఖ్యంగా శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్లేటప్పుడు, ఏసీ వేస్తే బండి కష్టపడుతున్న మాట నిజం. మీరేమంటారు?

ఆటోనగర్ మేస్త్రి, విజయవాడ

సాగరమ్మా, వద్దని నా సలహా. ఇంజన్ ఒక్కటే మారిస్తే సరిపోదు. వైరింగు, కంప్యూటరు, ట్యాంకులో పంపు, పెట్రోలు వెనక్కి వెళ్లే లైను, సైలెన్సర్ మొదటి భాగం కూడా మార్చాలి. సగం సగం చేసిన పని నడి అడవిలో ఆపుతుంది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్టీఏ అనుమతి లేకుండా ఇంజన్ రకం మార్చి ఆర్.సి.లో నమోదు చేయించకపోతే రేపు రెన్యువల్‌లోనూ, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సులోనూ చిక్కు వస్తుంది.

మీ బండి ఘాట్‌లో కష్టపడటానికి వేరే కారణాలుండవచ్చు. ముందు నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ చూపించండి, డిస్ట్రిబ్యూటర్‌లో అడ్వాన్స్ (ఇంజన్ వేగం పెరిగేకొద్దీ స్పార్కును ముందుకు జరిపే ఏర్పాటు) పనిచేస్తోందో లేదో టైమింగు లైటు పెట్టి చూపించండి, కార్బ్యురేటర్‌లో రెండో బారెల్ (ఎక్కువ బలం కావలసినప్పుడు తెరుచుకునే రెండో గొంతు) తెరుచుకుంటోందో లేదో చూడమనండి. చాలా బండ్లలో రెండో బారెల్ జిడ్డుకు బిగుసుకుపోయి ఉంటుంది. ఇంజన్ సగం గొంతుతోనే ఊపిరి పీలుస్తుంటే 65 హార్స్‌పవర్ ఎక్కడి నుంచి వస్తుంది? అది తెరిపిస్తే మీకు కొత్త ఇంజన్ వేసినంత తేడా తెలుస్తుంది.

ఇరుంగట్టుకోట్టై, చెన్నై

మేస్త్రి గారి జాగ్రత్తను గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలి. తొంభైల చివర నుంచి చాలా ఏళ్లు దేశీయ ర్యాలీల్లోనూ, చెన్నై దగ్గరి మా ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్ మీదా ఎస్టీమ్ లేని పోటీ దాదాపు ఉండేది కాదు. ఒకటే బలమున్న బరువైన కార్లు మలుపుకు ముందు బ్రేకు తొక్కి కూర్చుంటే ఎస్టీమ్ ఇంకొంచెం లోపలికి వెళ్లి తొక్కేది. నల్లమల దారి గారు చెప్పిన తేలికదనం, వెనుక సస్పెన్షన్ అక్కడ స్టాప్‌వాచ్ మీద రుజువయ్యాయి. నమోదు సక్రమంగా చేయించుకుని, వైరింగుతో సహా ఒకే ప్రమాదపు బండి నుంచి మొత్తం తీసుకుని ఎక్కిస్తే ఎంపీఎఫ్ఐ మార్పిడి నమ్మకంగా పనిచేస్తుంది. అయితే 1996 నాటి బండి అసలు రూపంలో ఉంటే, అటువంటివి ఇప్పుడు చాలా తక్కువ కాబట్టి, దాన్ని అలాగే ఉంచమని నేను కూడా అంటాను. మార్పిడి చేసుకోవడానికి, అసలు ఇంజన్ ఇప్పటికే పోగొట్టుకున్న బండ్లు వేరే ఉన్నాయి.

డల్లాస్ తెలుగు, టెక్సస్

తెనాలిలో అన్నయ్య దగ్గర ఉన్న 1997 ఎస్టీమ్ కోసం ఇక్కడి నుంచి సామాను పంపాలని ప్రయత్నిస్తున్నాను కాబట్టి ఒక హెచ్చరిక. అమెరికాలో సుజుకి ఎస్టీమ్ పేరుతో 1995 నుంచి 2002 దాకా అమ్మిన కారు మన ఎస్టీమ్ కాదు, అది మనం బలెనో అని పిలిచిన తర్వాతి తరం పాత సెడాన్, ఇప్పటి బలెనో కాదు. పేరు చూసి ఆర్డరు పెడితే ఏదీ సరిపోదు. మన ఎస్టీమ్‌కు దగ్గరి బంధువు ఇక్కడ సుజుకి స్విఫ్ట్ పేరుతో తిరిగిన సెడాన్. దాని నుంచి తీసుకునేటప్పుడు కూడా, ఇక్కడ స్టీరింగు ఎడమవైపు ఉంటుంది కాబట్టి డాష్‌బోర్డు, వైపరు సామాను పనికిరావు. హెడ్‌లైట్ల వెలుతురు కుడివైపు నడిచే రోడ్డుకు తగినట్టు పడుతుంది కాబట్టి అవి మన దగ్గర ఎదురుగా వచ్చేవారి కళ్లలో కొడతాయి. జపాన్ కల్టస్ సామానైతే స్టీరింగు కూడా మనలాగే కుడివైపు కాబట్టి అక్కడ వెతకడమే మేలు. తలుపు బీడింగుల జత ఒకటి అలాగే తెప్పించాము, బాగా కూర్చుంది.

సిటీ వీటెక్, హైదరాబాద్

సామాను చర్చ చదివాక నా వాదనలో ఉన్న లోటు నాకే కనిపిస్తోంది అనను, సిటీయే మేలైన కారని ఇప్పటికీ అంటాను. అయితే నా బండికి ఒక యాక్సిల్ షాఫ్ట్ కోసం నాలుగు నగరాల్లో అడగవలసి వచ్చింది, వీళ్లేమో జిప్సీ పుణ్యాన సాయంత్రానికి పని ముగించుకుంటున్నారు. ఈ విషయంలో ఎస్టీమ్ యజమానులను చూసి అసూయపడుతున్నానని మనస్ఫూర్తిగా చెబుతున్నాను. పాత సిటీ యజమానులం కూడా ఇలా ఒక చోట చేరి ఏ భాగం దేనికి సరిపోతుందో రాసుకోవాలి.

ఓరుగల్లు కోట, వరంగల్

ఈ వేదికకు కొత్తవాడిని, పెద్దలందరికీ నమస్కారం. చిన్నప్పటి నుంచి ఎస్టీమ్ అంటే ఇష్టం, ఇప్పుడు కొనే స్తోమత వచ్చింది. హన్మకొండలో రెండు బండ్లు అమ్మకానికి ఉన్నాయి. ఒకటి 1998 డీజిల్, రెండోది 2003 ఎంపీఎఫ్ఐ వీఎక్స్ఐ. డీజిల్ బండికి రంగు బాగుంది, ధర తక్కువ. పెట్రోలు బండి ఎండకు వెలిసింది కానీ మొదటి యజమాని ఇప్పటికీ నడుపుతున్నారు. పని నిమిత్తం రోజూ ఖమ్మం రోడ్డు మీద కొంత దూరం వెళ్లి రావాలి. ఏది తీసుకోమంటారు?

ఆటోనగర్ మేస్త్రి, విజయవాడ

బాబూ, డీజిల్ ఎస్టీమ్‌లో ఉన్నది 1527 సీసీ, 57 హార్స్‌పవర్ ప్యూజో ఇంజన్. మంచి ఇంజనే, మైలేజీ బాగా ఇచ్చేది. అదే ఇంజన్ జెన్ డీజిల్‌లోనూ, తొంభైలలో కల్యాణ్‌లో తయారైన ప్యూజో 309లోనూ ఉండేది. ఆ బండ్లన్నీ ఎప్పుడో ఆగిపోయాయి, జిప్సీ లాంటి అండ దానికి లేదు. పంపు, ఇంజెక్టర్లు విప్పి సరిచేయగలిగినవారు ఇప్పుడు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. రోజూ ఉద్యోగానికి వెళ్లే మనిషికి అది నేను చెప్పను. రంగు బాగుండటం కూడా నాకు అనుమానమే, ఎందుకు వేయించారో అడగండి.

2003 వీఎక్స్ఐ చూడండి. పొద్దున్నే, బండి రాత్రంతా చల్లారి ఉన్నప్పుడు వెళ్లండి, మీరు వచ్చేలోగా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. చల్లని ఇంజన్ మొదటి తిప్పుకే అందుకోవాలి, సైలెన్సర్ నుంచి నీలిపొగ రాకూడదు. రేడియేటర్ మూత తీసి, వేడెక్కకముందే, నీటిలో నూనె తెట్టు ఉందేమో చూడండి, ఆయిల్ మూత అడుగున పాలమీగడలాంటి పదార్థం ఉందేమో చూడండి. తర్వాత ఏసీ వేసి పావుగంట ఆగిన చోటే నడవనిచ్చి, ఫ్యాను తనంతట తాను తిరిగి ఆగుతోందో లేదో గమనించండి. సాగరమ్మ చెప్పిన రన్నింగ్ బోర్డు పరీక్ష తప్పకుండా చేయండి. ఎండకు వెలిసిన రంగు గురించి దిగులు వద్దు, దాని కింద పుట్టీ లేదని అది చెబుతోంది.

నల్లమల దారి, కర్నూలు

మేస్త్రి గారి మాటకు ఒకటి కలుపుతాను. 2003 బండి అంటే దానికి ఇరవై ఏళ్లు దాటాయి, మొదటి పదిహేనేళ్ల గడువు 2018లోనూ, తర్వాతి ఐదేళ్లది 2023లోనూ ముగిసి ఉంటుంది. యజమాని 2023లో రెన్యువల్ చేయించారా, ఇప్పుడు ఆర్.సి. ఎప్పటిదాకా చెల్లుతుంది అన్నది కాగితంలో చూసిన తర్వాతే ధర మాట్లాడండి. ఆ గడువు దగ్గరపడి ఉంటే పదివేల ఫీజు, గ్రీన్ ట్యాక్స్, తనిఖీకి ముందు చేయించవలసిన పనులు కలిపి లెక్క వేసి, ఆ మేరకు తగ్గించమని అడగండి. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్.సి.తో సరిపోల్చి, రెండూ కలిస్తే బయానా ఇవ్వండి. తీసుకున్నాక ఇక్కడ వివరాలు రాయండి, కార్పెట్లు ఎత్తి ఫ్లోరు చూసినప్పటి ఫోటోలు కూడా పెట్టండి.